పార్కింగ్‌లో ఒక ప్లగ్ పాయింట్

2013 నవంబర్‌లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా పక్కనున్న చాంబ్లీ అనే చిన్న ఊళ్లో, ఒకాయన తన నిస్సాన్ లీఫ్ కారును స్కూలు గోడకున్న ప్లగ్ పాయింట్‌కి తగిలించాడు. ఆ రోజు శనివారం. కొడుకు అక్కడే టెన్నిస్ ఆడుకుంటున్నాడు. ఇరవై నిమిషాలు గడిచేసరికి పోలీసు వచ్చి నిలదీశాడు. కొన్నాళ్లకు ఇంటికొచ్చి అరెస్టు చేసి, పదిహేను గంటలకు పైగా జైల్లో ఉంచారు. నేరం కరెంటు దొంగతనం. సొత్తు విలువ ఐదు సెంట్లు, అప్పటి మన డబ్బుల్లో మూడు రూపాయలు.

ఆ లెక్కలో తప్పు లేదు. అమెరికాలో గోడకుండే మామూలు సాకెట్ 120 వోల్టులది. కారు దాంట్లోంచి 12 ఆంపియర్లు లాగుతుంది. అంటే 1.44 కిలోవాట్లు. ఇరవై నిమిషాలకు అర యూనిట్ కూడా కాదు. దాంతో కారు మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అందుకే చాలామంది ఆ వార్త చదివి పోలీసుల్ని చూసి నవ్వారు. అడగకుండా తీసుకున్నది ఎంత చిన్నదైనా అడగకుండా తీసుకున్నదే కదా అన్నవాళ్లూ తక్కువేం కాదు. ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. కార్లు ఆగే ఆ ఆవరణలో కరెంటు ఉంది, సాకెట్ ఉంది, ఆగి ఉన్న కారు ఉంది. ఆ మూడింటినీ కలిపే పద్ధతి ఒక్కటే లేదు.

పన్నెండేళ్లు దాటినా ఆ పద్ధతి ఇంకా చాలాచోట్ల లేదు. మన దగ్గర మరీ లేదు. మాల్ సెల్లార్‌లో స్తంభానికి ఒక పవర్ ప్లగ్ ఉంటుంది, నేల కడిగే మిషన్ కోసం పెట్టింది. అపార్ట్‌మెంట్ స్టిల్ట్ కింద వాచ్‌మన్ గది బయట ఇంకోటి. ఆఫీసు పార్కింగ్‌లో జనరేటర్ గది పక్కన మరొకటి. వీటిలో కారు పెట్టుకోవచ్చా, పెడితే ఎవరికి ఎంత ఇవ్వాలి, పెడితే కాలిపోతుందా అన్న మూడు ప్రశ్నలు కారు కొన్న ప్రతివాడికీ తగులుతాయి. మూడింటికీ జవాబులు విడివిడిగా ఉన్నాయి, ఒకచోట చేర్చి చెప్పేవాళ్లే లేరు. వేగంగా నింపే పెద్ద చార్జర్ల గురించి మాత్రం రోజూ వార్తలొస్తుంటాయి. నన్నడిగితే మనకు ఎక్కువగా కావలసినవి ఆ పెద్ద చార్జర్లు కావు. కారు ఎక్కువసేపు నిలిచే చోట మీటరూ, సరైన ఎర్తింగూ ఉన్న మామూలు పాయింట్లు కావాలి. మిగతా వ్యాసమంతా ఈ మాట నిలుస్తుందా లేదా అని చూసుకోవడమే.

ముందు చట్టం. కరెంటును దొంగిలించవచ్చా అన్న ప్రశ్న న్యాయమూర్తులను చాలాకాలం తికమక పెట్టింది. 1899లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం కరెంటు చేత్తో పట్టుకునే వస్తువు కాదు కాబట్టి దొంగతనం సెక్షన్ దానికి వర్తించదంది. మరుసటి ఏడాదే అక్కడ దానికోసం వేరే చట్టం చేసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర 1910 విద్యుత్ చట్టం 39వ సెక్షన్‌లో దురుద్దేశంతో కరెంటు వాడుకోవడాన్ని దొంగతనంగా భావించాలని రాశారు. 1964లో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఇది శిక్షాస్మృతి నుంచి నేరుగా వచ్చే నేరం కాదనీ, విద్యుత్ చట్టం అన్నందువల్లే నేరమైందనీ, కాబట్టి ఆ చట్టం అనుమతించినవాళ్లు ఫిర్యాదు చేస్తేనే కేసు నిలుస్తుందనీ తేల్చింది. ఇప్పుడున్నది 2003 చట్టం. అందులో 135వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఆ సెక్షన్ ప్రధానంగా చూసేది లైన్‌కి కొక్కెం వేసేవాణ్ని, మీటరు తిప్పేవాణ్ని, ఒక పనికని తీసుకున్న కరెంటును ఇంకో పనికి వాడేవాణ్ని. మాల్ స్తంభం మీది సాకెట్‌లో వచ్చే కరెంటు మాల్ మీటరు దాటి వచ్చిందే. కరెంటు పంపిణీ చేసే డిస్కమ్‌కి రావలసింది వస్తుంది. కాబట్టి అక్కడ తగాదా కారు మనిషికీ మాల్ యజమానికీ మధ్యే, మూలం అనుమతి. అడిగి పెట్టుకుంటే తగాదా లేదు, అడక్కుండా పెట్టుకుంటే యజమానికి కోపం రావడం న్యాయం. పొలం దగ్గర మోటారుకిచ్చే ఉచిత కరెంటుతో, స్టార్టర్ డబ్బాలోంచి వైరు లాగి కారు చార్జ్ చేస్తే మాత్రం కథ వేరు. అది కేటగిరీ దుర్వినియోగం కిందికి వస్తుంది, అక్కడ డిస్కమ్ అధికారులకు నిజంగానే పని ఉంటుంది. ఉచితం కదా అని ఊళ్లలో ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఇంకో చిక్కు ఉండేది. డబ్బులు తీసుకుని కారు చార్జ్ చేయనిస్తే అది కరెంటు అమ్మడం కిందికి రాదా, అమ్మాలంటే లైసెన్సు అక్కర్లేదా అని. కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లో దానికి ముగింపు పలికింది. చార్జింగ్ అంటే బ్యాటరీలో శక్తి నింపే సేవ, అది కరెంటు అమ్మకం కాదు, లైసెన్సు అక్కర్లేదు అని. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు గానీ ఆ వివరణతో తలుపులన్నీ తెరుచుకున్నాయి. కిరాణా కొట్టు, కల్యాణ మండపం, గుడి పార్కింగ్, ఎవరైనా సరే పాయింటు పెట్టి రుసుము తీసుకోవచ్చు. 2022 జనవరి మార్గదర్శకాలు ఇంట్లో, ఆఫీసులో ఇప్పటికే ఉన్న కనెక్షన్ మీదే చార్జ్ చేసుకోవచ్చని కూడా రాశాయి. కాబట్టి చట్టం అడ్డు అన్న మాట ఇప్పుడు సాకు మాత్రమే. సేవ అన్నందుకు 18 శాతం జీఎస్టీ వచ్చి పడింది, అదొక్కటే కష్టం. ఇంట్లో వాడే కరెంటు మీద లేని ఆ పన్ను, పక్క వీధిలో కారు చార్జ్ చేసుకుంటే పడుతుంది. సొంత పార్కింగ్ లేనివాడికే ఎక్కువ పన్ను అన్నమాట. ఈ సంగతి ఎవరైనా జీఎస్టీ మండలిలో గట్టిగా అడిగితే బాగుండు.

పార్కింగ్‌లో సాకెట్లు అన్న ఆలోచన ఎలక్ట్రిక్ కార్లతో పుట్టింది కాదు. చలి దేశాల్లో పెట్రోలు కార్ల కోసమే అవి వచ్చాయి. అమెరికా ఉత్తర డకోటాలో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇంజిన్‌ను రాత్రంతా వెచ్చగా ఉంచే హీటర్ తయారుచేసి 1949లో పేటెంట్ పొందాడు. మైనస్ ముప్పై డిగ్రీల్లో ఆయిల్ గడ్డకట్టి కారు స్టార్ట్ కాదు కాబట్టి, కెనడాలోని విన్నిపెగ్, ఎడ్మంటన్, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ లాంటి చోట్ల ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు, హోటళ్లు పార్కింగ్ గళ్ల ముందు వరసగా సాకెట్లు పెట్టాయి. అక్కడ కార్ల ముందు గ్రిల్‌లోంచి చిన్న తోకలా వైరు వేలాడుతూ ఉంటుంది. ఫిన్లండ్‌లో చాలా అపార్ట్‌మెంట్ ఆవరణల్లో అలాంటి స్తంభాలే. వాటికి టైమర్ ఉంటుంది, రెండు గంటలు ఇచ్చి ఆగిపోతుంది.

ఎలక్ట్రిక్ కారు వచ్చినప్పుడు ఆ ఊళ్లవాళ్లకు సిద్ధంగా ఉన్న సాకెట్ కనపడింది. అయితే ఆ లైన్లు వేసింది నాలుగువందలు, వెయ్యి వాట్ల హీటర్ల కోసం. అన్నీ ఒకేసారి పూర్తి లోడు లాగవన్న ధీమాతో ఒకే లైన్ మీద చాలా సాకెట్లు వేశారు. చలి తగ్గితే విడతలవారీగా కట్ చేసే నియంత్రికలు పెట్టారు, వేసవిలో అసలు ఆపేసేవాళ్లూ ఉన్నారు. రాత్రంతా 12 ఆంపియర్లు ఆపకుండా లాగే కారు రెండు మూడు చేరేసరికి ఎంసీబీ పడిపోతుంది. పడిపోయిన రోజు పక్కింటి పెట్రోలు కారు పొద్దున్న స్టార్ట్ కాదు. ఆ పొద్దున్న ఆ ఇద్దరి మధ్య ఎలాంటి మాటలు నడుస్తాయో మన అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. సాకెట్ ఉన్నంత మాత్రాన సరిపోదు, వెనక లైన్ దేనికోసం వేశారో తెలియాలని చలి దేశాలు నేర్పాయి.

నార్వే సంగతి ఇంకా దగ్గరగా చూడాలి. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం బ్యాటరీ కార్లే. ఓస్లో నగరపాలక సంస్థ 2008 నుంచి వీధి పార్కింగ్‌లో చార్జింగ్ పాయింట్లు పెట్టింది. మొదట్లో అవి ఇంట్లో ఉండే మామూలు సాకెట్లే. కరెంటూ ఉచితమే. అప్పటి చిన్న కార్లకు అది చాలింది. బ్యాటరీలు పెరిగాక ఇళ్లలో, గ్యారేజీల్లో సాకెట్లు వేడెక్కుతున్నాయన్న ఆందోళన మొదలై, కార్ల కోసం మామూలు సాకెట్ వాడకాన్ని అక్కడి ప్రమాణాలు క్రమంగా కట్టడి చేశాయి, కార్లకని ప్రత్యేకంగా తయారైన టైప్-2 కనెక్టర్ వైపు జనాన్ని మళ్లించాయి. 2019లో ఓస్లోలో ఉచితమూ పోయింది. ఊరికే వస్తుంటే అవసరం లేనివాళ్లు కూడా చోటు ఆక్రమించుకు కూర్చుంటారని అక్కడా అర్థమైంది.

ఇంతకీ మనం ఈ ఆటలో ఆలస్యంగా దిగినవాళ్లం కాము. 2001లో బెంగళూరులో రేవా వచ్చింది. చేతన్ మైనీ బృందం తయారుచేసిన ఆ చిన్న కారులో లెడ్ యాసిడ్ బ్యాటరీలు, ఒక్కసారి నింపితే 80 కిలోమీటర్ల దాకా. దానికి ప్రత్యేక చార్జర్ స్టేషన్ అన్న మాటే లేదు. గీజర్‌కి వాడే పవర్ ప్లగ్‌లో పెడితే ఎనిమిది గంటల్లో నిండేది. 2004 నుంచి అదే కారు జీ-విజ్ పేరుతో లండన్ వీధుల్లో తిరిగింది. దాని రూపాన్ని వెక్కిరించినవాళ్లు చాలామంది. కానీ పొద్దున్న ఆఫీసుకెళ్లి పార్కింగ్‌లో ప్లగ్ పెట్టి సాయంత్రం నిండు బ్యాటరీతో ఇంటికి రావడమన్నది మన దేశంలో చేసి చూపింది ఆ బుడ్డ కారే.

ఇప్పటి కార్ల లెక్క చూద్దాం. మన సాకెట్ 230 వోల్టులది, అమెరికా వాళ్లకన్నా మనకు అదే పెద్ద వరం. 15 ఆంపియర్ల పాయింట్ నుంచి మూడు కిలోవాట్లకు పైనే వస్తుంది, అంటే అమెరికా గోడ సాకెట్ ఇచ్చేదానికి రెట్టింపు. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు పది గంటల్లో నిండుతుంది. కానీ రోజూ పది గంటలు అక్కర్లేదు. యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు నడిచే కారు రోజుకు 35 కిలోమీటర్లు తిరిగితే అయ్యేది ఐదారు యూనిట్లు. రెండు గంటల ప్లగ్. సినిమాకెళ్లి వచ్చేలోపు ఆ రోజు తిరిగిందంతా తిరిగి నిండిపోతుంది. దానికి మాల్ వాళ్లకయ్యే ఖర్చు, వాణిజ్య రేటు యూనిట్ పది రూపాయలనుకున్నా, అరవై రూపాయలు.

డోనల్డ్ షూప్ అనే అమెరికన్ ఆచార్యుడు పార్కింగ్ మీద జీవితమంతా పరిశోధించాడు. కారు తన ఆయుష్షులో 95 శాతం కాలం ఆగే ఉంటుందన్నది ఆయన ప్రచారంలోకి తెచ్చిన అంకె. పార్కింగ్ ఊరికే ఇవ్వడం ఎంత నష్టమో చెప్పడానికి ఆయన ఆ మాటన్నాడు. నాకు అది చార్జింగ్ గురించిన మాటలానే వినిపిస్తుంది. పెట్రోలు బంకు అలవాటు వల్ల మనం చార్జింగ్‌ని కూడా వెళ్లి, నింపుకుని, వచ్చే పనిగా చూస్తున్నాం. అందుకే డబ్బంతా వేగం వైపు పోతోంది. 2023 మార్చిలో కేంద్రం మూడు చమురు సంస్థలకు 7,432 ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్ల కోసం రూ.800 కోట్లు మంజూరు చేసింది. 2024 అక్టోబర్‌లో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో రూ.10,900 కోట్లలో రెండు వేల కోట్లు పబ్లిక్ చార్జింగ్‌కే. హైదరాబాద్ - విజయవాడ హైవే మీద ఫాస్ట్ చార్జర్ ఉండాల్సిందే, కాదనేవాళ్లు లేరు. సూర్యాపేటలో టీ తాగేలోపు కారు నిండాలి. కానీ హైవే మీద ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తాం? మిగతా రోజులన్నీ కారు మాదాపూర్ సెల్లార్‌లోనో, బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు కిందో ఎనిమిది గంటలు ఊరికే నిలబడి ఉంటుంది. ఎనిమిది గంటల పార్కింగ్‌కి ముప్పై నిమిషాల యంత్రం ఎందుకు?

చవక పాయింట్ల ఆలోచన ప్రభుత్వానికి అసలు రాలేదనడం అన్యాయం. మొదట్లో వచ్చిన భారత్ ఏసీ-001 చార్జర్‌లో మూడు సాకెట్లు, ఒక్కోటి 3.3 కిలోవాట్లు. 2021లో మూడు కిలోవాట్ల చిన్న ఏసీ పాయింట్‌కి దేశీయ ప్రమాణం తయారుచేసి, రూ.3,500 లోపు ధరకు ఫోన్‌తో నడిచే పాయింటు రావాలని లక్ష్యం పెట్టుకున్నారు. కిరాణా కొట్ల ముందు, పార్కింగ్‌లలో విరివిగా పెట్టొచ్చన్నది ఉద్దేశం. మంచి ఆలోచన. రిబ్బన్ కత్తిరించడానికి అందులో అవకాశం తక్కువ, అందుకేనేమో దాని గురించి మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు.

ఇక భయం సంగతి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే భయపడేవాళ్లు సగం సరైనవాళ్లే. గీజర్ రెండు కిలోవాట్లు లాగుతుంది, కానీ ఇరవై నిమిషాల్లో ఆగిపోతుంది. ఏసీ కంప్రెసర్ ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. కారు మూడు కిలోవాట్లు గంటల తరబడి ఏకబిగిన లాగుతుంది. సాకెట్ లోపల పట్టు కాస్త వదులైనా, స్క్రూ కింద వైరు సరిగా బిగించకపోయినా అక్కడ వేడి పుడుతుంది. వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. ముందు ప్లాస్టిక్ పసుపు రంగుకు మారుతుంది, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత వాసన. స్తంభం మీద పదేళ్ల క్రితం పెట్టిన సాకెట్‌లో, మధ్యలో చుట్టలు చుట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డుతో కారు పెట్టేవాళ్లను చూస్తూనే ఉంటాం. ఆ చుట్ట చెయ్యి పెట్టి చూస్తే కాలుతుంది.

కారుతో ఇచ్చే పోర్టబుల్ చార్జర్‌కి కేబుల్ మధ్యలో ఒక డబ్బా ఉంటుంది. అది ఊరికే ఉండదు. ఎర్త్ ఉందో లేదో చూసుకుని, సరిగా ఉంటేనే కారుకు కరెంటు వదులుతుంది. లేదంటే ఎర్ర దీపం వెలిగించి మొరాయిస్తుంది. మన ఊళ్లలో ఆ ఎర్ర దీపం తరచుగా వెలగడానికి కారణం కారు కాదు. అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్త్ గొయ్యి మీద తర్వాత టైల్స్ పరిచేశారు. దాంట్లో నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలీదు. ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండిపోయేసరికి ఎర్త్ పేరుకే మిగులుతుంది. కరెంటు పోయి జనరేటర్ ఆన్ అయినప్పుడూ అంతే, న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపని జనరేటర్ అయితే డబ్బా నమ్మదు. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, కొందరు చేసే పని ఒకటుంది. సాకెట్ విప్పి లోపల న్యూట్రల్‌నీ ఎర్త్ పిన్‌నీ చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. దీపం ఆకుపచ్చగా మారుతుంది, రెండువందలు తీసుకుని వెళ్లిపోతారు. తర్వాత ఎప్పుడైనా వెనకెక్కడో న్యూట్రల్ తెగితే కారు ఒళ్లంతా 230 వోల్టులు. తడి నేల మీద చెప్పుల్లేకుండా కారు కడిగే మనిషి దాన్ని ముట్టుకుంటాడు. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. గొయ్యిలో నాలుగు బిందెల నీళ్లు పోసి, కొలిపించి, అవసరమైతే కొత్త గొయ్యి తవ్వించడం ఒక ప్రాణం కన్నా చవక. పాయింటుకు విడిగా, లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సొంత ఎంసీబీ, తగిన మందం రాగి వైరు ఉంటే సాకెట్ గురించిన భయాల్లో చాలావరకు తీరిపోతాయి.

బ్యాటరీ మంటల భయం ఇంకొకటి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్ జిల్లాలో ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు చెలరేగి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత బ్యాటరీ ప్రమాణాలు కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబర్ నుంచి, 2023 మార్చి చివరి నుంచి రెండు విడతల్లో అమలులోకి తెచ్చారు. 2024 ఆగస్టు 1న దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో అపార్ట్‌మెంట్ భూగర్భ పార్కింగ్‌లో ఒక ఎలక్ట్రిక్ కారు అంటుకుని వందకు పైగా వాహనాలు దెబ్బతిన్నాయి. మన అసోసియేషన్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. అందులో చెప్పని రెండు విషయాలున్నాయి. ఆ కారు అప్పుడు చార్జింగ్‌లో లేదు, రెండు రోజులకు పైగా ఊరికే నిలబడి ఉంది. స్ప్రింక్లర్ వ్యవస్థను సిబ్బందే ఆపేశారు. కాబట్టి సెల్లార్‌లో ప్లగ్ వద్దంటే మంట ఆగదు. స్ప్రింక్లర్ పనిచేస్తే మంట అంతగా వ్యాపించదు. పైగా కింద పాయింటు లేకపోతే, స్కూటర్ వాడు బ్యాటరీ విప్పుకుని ఐదో అంతస్తుకు మోసుకెళ్లి పడకగదిలో మంచం పక్కన చార్జింగ్ పెడతాడు. భద్రత పేరుతో కింద సాకెట్ తీసేయించినవాళ్లు ప్రమాదాన్ని పైకి ఎక్కించారు, అంతే.

అసలు యుద్ధం అపార్ట్‌మెంట్లలోనే. కామన్ మీటర్ మీద ఒకడు కారు పెడితే మిగతా ముప్పై తొమ్మిది మందీ మెయింటెనెన్స్‌లో తమ డబ్బులు పోతున్నాయంటారు. నిజమే, పోతున్నాయి. దారులు మూడున్నాయి. సొంత ఫ్లాట్ మీటరు నుంచి కింది పార్కింగ్ దాకా కేబుల్ లాక్కోవడం ఒకటి. కామన్ లైన్ మీదే పాయింటుకు సబ్ మీటరు పెట్టి నెలనెలా వసూలు చేయడం రెండు. ఈవీ కోసం విడిగా కనెక్షన్ తీసుకోవడం మూడు. మొదటిదానికి అడ్డు స్లాబు. నెలకు నాలుగువందల యూనిట్లు దాటితే ఇంటి కరెంటు యూనిట్ తొమ్మిదిన్నర రూపాయలు లేదా ఆపైన పడుతుంది. ఈవీ కేటగిరీలో తెలంగాణలో యూనిట్ రూ.6, ఆంధ్రప్రదేశ్‌లో రూ.6.70. తేడా చిన్నది కాదు. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు వాహన చార్జింగ్ కోసం విడి కనెక్షన్ అడిగే హక్కును స్పష్టంగా రాశాయి. మెట్రో నగరాల్లో మూడు రోజుల్లో, ఇతర పట్టణాల్లో ఏడు రోజుల్లో, పల్లెల్లో పదిహేను రోజుల్లో కొత్త కనెక్షన్ ఇవ్వాలన్న గడువూ పెట్టాయి. ఇన్నాళ్లూ లైన్‌మన్, ఏఈ చుట్టూ తిరిగినవాళ్లకు ఇది పనికొచ్చే కాగితం.

డిస్కమ్ ఒప్పుకున్నా అసోసియేషన్ ఒప్పుకోకపోతే ఏం చేయాలన్నది మిగిలింది. కాలిఫోర్నియాలో అపార్ట్‌మెంట్ సంఘం అకారణంగా కాదనకూడదని దశాబ్దం కిందే చట్టం చేశారు. ఖర్చూ బీమా బాధ్యతా పెట్టుకునేవాడివే. జర్మనీలో 2020 డిసెంబర్ నుంచి ఫ్లాటు యజమానికి ఆ హక్కు ఉంది. మన దగ్గర కొత్త భవనాల వరకు కేంద్రం 2019లో నమూనా నిబంధనలు సవరించి, పార్కింగ్‌లో 20 శాతానికి చార్జింగ్ సదుపాయం ఉండేలా కరెంటు లోడు లెక్కకట్టాలంది. ఢిల్లీ ప్రభుత్వం 2021లో వందకు మించి వాహనాలు పట్టే వాణిజ్య, సంస్థాగత పార్కింగ్‌లలో ఐదు శాతం స్థలాలు చార్జింగ్‌కి కేటాయించాలని ఆదేశించింది. ఇప్పటికే కట్టి, జనం కాపురముంటున్న పాత అపార్ట్‌మెంట్లకు మాత్రం పెద్దమనుషుల ఒప్పందమే గతి.

అక్కడ లేచే అభ్యంతరాల్లో గట్టిది ట్రాన్స్‌ఫార్మర్. వంద ఫ్లాట్లు, ఇరవై కార్లు, ఒక్కోటి 3.3 కిలోవాట్లు, మొత్తం 66 కిలోవాట్లు, ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతుంది అని ఎవరో ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు లేచి చెబుతారు. లెక్క సరైనదే, ఊహ తప్పు. ఇరవై కార్లకూ రోజుకు కావలసింది ఆరేసి యూనిట్లు, మొత్తం 120. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా పరిస్తే సగటున 15 కిలోవాట్లు. అప్పటికి సగం ఇళ్లలో లైట్లు ఆరిపోయి ఉంటాయి. కావలసింది ట్రాన్స్‌ఫార్మర్ కాదు, వంతులు వేసే టైమర్. ఆ సంగతి ఫిన్లండ్ స్తంభాలు ఎప్పుడో చెప్పాయి.

ఆఫీసుల సంగతికొస్తే మరీ తేలిక. మధ్యాహ్నం మన రెండు రాష్ట్రాల్లోనూ సోలార్ కరెంటు పుష్కలంగా ఉత్పత్తి అవుతుంది. 2024 సెప్టెంబర్ మార్గదర్శకాలు పొద్దున్న 9 నుంచి సాయంత్రం 4 వరకు పబ్లిక్ చార్జింగ్ కరెంటును సగటు సరఫరా ఖర్చులో 0.7 రెట్లకు, మిగతా వేళల్లో 1.3 రెట్లకు ఇవ్వాలన్నాయి. కరెంటు చవగ్గా ఉండే ఆ ఏడు గంటలూ కార్లన్నీ ఆఫీసు కిందే ఉంటాయి. వసూలు ఎలా అంటే, అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు ఒక దారి చూపాయి. ఉద్యోగి ప్రభుత్వ సాకెట్‌లో కారు పెడితే పన్ను కట్టేవాడి డబ్బు తిన్నట్టు కాదా అన్న గొడవ అక్కడా వచ్చింది. 2015లో చట్టం చేసి, ఉద్యోగుల దగ్గర రుసుము తీసుకుని చార్జింగ్ ఇవ్వొచ్చన్నారు. ప్రతి సాకెట్‌కీ మీటరు పెట్టకుండా అంచనా మీద రుసుము వేసే పద్ధతీ నడిచింది. మన కంపెనీలు జీతంలోంచి నెలకు కొంత మినహాయిస్తే సరిపోయే పని ఇది. మాల్‌లో అయితే పార్కింగ్ టికెట్‌లోనే చార్జింగ్ గడి ధర వేరేగా వేస్తే చాలు. యాప్ దింపుకో, వాలెట్‌లో డబ్బు వేసుకో, ఓటీపీ కొట్టు అన్న తతంగం అరవై రూపాయల కరెంటుకు అనవసరం. సెల్లార్‌లో సిగ్నల్ కూడా ఉండదు.

అందరికీ సెల్లార్ ఉండదు. పాత బస్తీలో, వన్‌టౌన్‌లో కార్లు వీధిలోనే. అక్కడికి లండన్, బెర్లిన్, లాస్ ఏంజలెస్ పట్టణాల పద్ధతి చూడాలి. వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చినప్పుడు మిగిలిన కరెంటుతో ఆ దీపస్తంభాలకే కారు సాకెట్ పెట్టారు. లాస్ ఏంజలెస్‌లో ఇది 2016లో మొదలైంది. మన నగరాల్లోనూ దీపాలు ఎల్‌ఈడీలయ్యాయి, కాబట్టి ఆలోచన ఆకర్షణీయంగానే ఉంది. అయితే మన వీధి దీపాల్లో చాలావాటికి పెట్టె దగ్గరే స్విచ్, పగలు ఆ లైన్‌లో కరెంటే ఉండదు. వానాకాలంలో స్తంభం ముట్టుకుంటే షాక్ కొట్టిన వార్తలు ఏటా చదువుతాం. ముందు స్తంభాలు బాగుచేసి తర్వాత కారు సంగతి చూడాలి.

ఇవాళ పెట్టిన పాయింటు రేపటి కారుకు పనికొస్తుందా అన్న అనుమానమూ ఉంది. 1990లలో వచ్చిన ఎలక్ట్రిక్ కార్ల కోసం అమెరికాలో కాస్ట్‌కో దుకాణాలు పార్కింగ్‌లలో చార్జర్లు పెట్టాయి. ఎవరూ వాడట్లేదని 2011లో తీసేశాయి. కొత్త తరం కార్లు బజారులోకి వస్తున్నది సరిగ్గా అప్పుడే. ఆ పాత యంత్రాలు ఆ కాలపు కార్లకే సరిపోయే రకం కావడం వల్ల కొత్తవాటికి పనికిరాలేదు. మామూలు ఏసీ పాయింటుకు ఆ గండం లేదు. రేవా తగిలించిన పవర్ ప్లగ్‌లో ఇవాళ్టి కారు కూడా ఎక్కుతుంది. ఇక ముందు కూడా, ఫోన్ చార్జర్ మారినంత తరచుగా గోడలోని మూడు రంధ్రాలు మారవు. పెట్టుబడి పెట్టేవాడు చూసుకోవలసింది అదే.

మీ అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగ్ ఈ ఏడాది ఎప్పుడో ఉంటుంది. ఇంకా ఎలక్ట్రిక్ కారు కొనకపోయినా సరే, అజెండాలో మూడు అంశాలు పెట్టించండి. ఎర్త్ గొయ్యి కొలిపించడం, పార్కింగ్‌లోకి ఈవీ కేటగిరీలో ఒక విడి కనెక్షన్‌కి దరఖాస్తు చేయడం, దాని మీద సబ్ మీటర్లతో ప్రస్తుతానికి నాలుగు పాయింట్లు వేయించడం. ఆ దరఖాస్తు మీద సంతకం చేయాల్సింది అసోసియేషన్ కార్యదర్శి. డిస్కమ్‌కి గడువు మొదలయ్యేది ఆ కాగితం అందిన రోజు నుంచే.